ఆర్‌ఎక్స్ 100 కొని రిస్టోర్ చేయిద్దామనుకునేవాళ్లు జాగ్రత్త: సైలెన్సర్ విప్పనివ్వని వాడి దగ్గర బండి కొనకండి

పాత బండి కొందామని తిరుగుతున్న వాళ్ల కోసం రాస్తున్నా. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి అక్కడక్కడా మాట గట్టిగా ఉంటే సర్దుకోండి.

మా బాబాయి కొడుక్కి యమహా ఆర్‌ఎక్స్ 100 అంటే పిచ్చి. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న బండిని బాబాయి అమ్మేశాడు, అలాంటిదే ఒకటి పట్టి మళ్లీ షోరూం బండిలా చేయించాలని వాడి కోరిక. గుంటూరులో ఒక పాత బళ్ల వ్యాపారి దగ్గర 1993 మోడల్ దొరికింది. ₹72,000 చెప్పి పైసా తగ్గలేదు. పెయింటు పోయింది, సీటు చిరిగింది, మడ్‌గార్డులు తుప్పు పట్టాయి, అయితే ఏంటి, అవన్నీ ఎటూ మార్చేవే కదా అనుకున్నాం. "ఇంజిన్ మాత్రం ఇంతవరకు ఓపెన్ చెయ్యలేదు సార్, కంపెనీ పిస్టన్, సింగిల్ కిక్" అన్నాడు. నిజంగానే ఒక్క కిక్కుకే అందుకుంది. పొగ కూడా పెద్దగా లేదు. అడక్కుండానే సైడు ఆయిల్ ట్యాంకు మూత తీసి చూపించాడు, నిండా శుభ్రంగా టూ-టీ ఆయిల్ (టూ స్ట్రోకు ఇంజిన్లో పెట్రోలుతో పాటు కాలే ఆయిల్) ఉంది. డబ్బులిచ్చాం, బంకులో పెట్రోలు కొట్టించాం, తమ్ముడు బండి మీద, నేను వెనక కారులో నరసరావుపేట వైపు బయల్దేరాం.

సగం దారిలో ఇంజిన్ సీజ్ అయింది, అంటే లోపల పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి జారింది. వాడు టక్కున క్లచ్ పట్టుకున్నాడు, ఆ క్షణాన వెనక లారీ ఏదీ లేదు, అంతే. కింద పడి ఉంటే ఈ పోస్టు వేరేలా ఉండేది.

బండిని ఆటోలో వేసి తీసుకొచ్చి విప్పిస్తే బయటపడినవి ఇవి. ట్యాంకు నుంచి ఇంజిన్‌కి ఆయిల్ పంపే పంపు పనిచేయడం లేదు, పంపు నుంచి ఇన్‌టేక్ దగ్గరికి రావాల్సిన సన్న పైపే లేదు, ఆ రంధ్రాన్ని చిన్న బోల్టు పెట్టి మూసేశారు. అంటే ఆ వ్యాపారి ఇన్నాళ్లూ పెట్రోల్లోనే ఆయిల్ కలిపి తిప్పుతున్నాడు, మాకు మాత్రం నిండు ట్యాంకు చూపించాడు. అది ఉత్త అలంకారం. ఆ మాట ఒక్కటి చెప్పి ఉంటే లీటరుకు 30, 40 మి.లీ. కలుపుకొని పోయేవాళ్లం, బండి ఇల్లు చేరేది. బంకులో పోయించిన ఉత్త పెట్రోలు పాత మిశ్రమాన్ని పలచబరిచింది, పిస్టన్ వేడెక్కి గోడకి అతుక్కుపోయింది.

అక్కడితో అయిపోతే పోన్లే అనుకునేవాళ్లం. పిస్టన్ నెత్తి మీద మసి గీకితే 75 అని అచ్చు కనిపించింది. అంటే సిలిండర్ అరిగాక దాని రంధ్రాన్ని (బోరు) పెద్దది చేసి వేసే 0.75 మి.మీ. లావు పిస్టన్ అది. ఎప్పుడూ ఓపెన్ చెయ్యని ఇంజిన్లో 0.75 ఓవర్‌సైజు పిస్టన్ ఎలా వచ్చిందో ఆయనే చెప్పాలి. ఎగ్జాస్ట్ వైపు (పొగ బయటికి పోయే వైపు) కొత్త గీతల కింద పాత గీతలున్నాయి, వాటిని ఎమెరీ కాగితంతో రుద్ది మళ్లీ వేసేశారు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్డులో పైకీ కిందికీ ఆట ఉంది. అన్నిటికంటే ఘోరం, చైన్ వైపు క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది భాగాన్ని మూసి ఉంచే కేసు) పగిలితే లోపల పుట్టీలాంటి సీలెంటు నింపి, పైన సిల్వర్ పెయింటు కొట్టారు. ఎప్పుడో చైన్ తెగి కొట్టిన దెబ్బ అని మెకానిక్ చూడగానే చెప్పాడు.

ఫోన్ చేస్తే "అమ్మినప్పుడు బానే ఉంది కదా, ఆయిల్ లేకుండా మీరే తోలుకున్నారు" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఇంజిన్ గురించి రాసిచ్చిన కాగితం లేదు కాబట్టి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అతని దగ్గర ఇంకో మూడు నాలుగు బళ్లున్నాయి, అన్నిటికీ ఒకటే డైలాగు.

ఇక అసలు విషయం. ఈ బండి మన దగ్గర 1985 నుంచి 1996 దాకా మాత్రమే తయారైంది. అంటే ఎంత కొత్తదైనా దాదాపు ముప్పై ఏళ్ల వయసు. 98 సీసీ, 11 హార్స్ పవర్, బోరు 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా 50 మి.మీ. ఇంత చిన్న ఇంజిన్, అదీ టూ స్ట్రోకు, ఇన్నేళ్లు కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో తిరిగాక లోపల చెయ్యి పెట్టలేదంటే నేను నమ్మను. ఓపెన్ చేసి ఉండటం తప్పు కాదు, సరిగ్గా చేసి ఉంటే ఇంకా మంచిది. ఎన్నోసార్లు బోరు కొట్టి, ఇక కొట్టడానికి ఏమీ మిగలకుండా చేసి, కంపెనీ పిస్టన్ అని అమ్మడమే మోసం. ఓవర్‌సైజులు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 వరకు దొరుకుతాయి. 1.00 అంటే బోరు 51 మి.మీ. అయినట్టు, ఆ తర్వాత కొత్త స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) దించాలి లేదా బ్లాక్ మార్చాలి. మంచి ఒరిజినల్ బ్లాకుకి ఇప్పుడు ఎంత అడుగుతున్నారో వెతికినవాళ్లకి తెలుసు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు వస్తున్నామని ముందు చెప్పినా, ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని గట్టిగా చెప్పండి. వెళ్లగానే మొదట ఫిన్స్ (ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కలు) మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకి చూడటం మానేసి ఇంకోరోజు పొద్దున్నే వెళ్లండి. వేడి ఇంజిన్ సింగిల్ కిక్కులో అందుకోవడంలో గొప్పేమీ లేదు. ఇగ్నిషన్ ఆఫ్ చేసి కిక్కు రాడ్డుని చేత్తో మెల్లగా నొక్కితే ఒకచోట గట్టిగా ఎదురు తన్నాలి. మెత్తగా దిగిపోతే పిస్టన్ రింగులు గానీ బోరు గానీ పోయినట్టే. కంప్రెషన్ గేజ్ దొరికితే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకొని, ముల్లు ఇక పెరగని దాకా కొట్టి చూడండి. అయితే దీన్నొక్కదాన్నే నమ్మొద్దు. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోస్తే అరిగిన రింగు కూడా కాసేపు బిగుతుగా పట్టి గేజ్ బాగా చూపిస్తుంది, ఈ కిటుకు అమ్మేవాళ్లకి మనకంటే ముందే తెలుసు. అందుకే ప్లగ్ ముందు విప్పి, తడిగా ఉంటే ఆ తడి పెట్రోలా ఆయిలా చూడండి. నూనె జిడ్డులా ఉంటే తుడిచి, బండిని బాగా తిప్పించి, చల్లారాక మళ్లీ కొలవండి.

పొగ గురించి మనవాళ్లలో ఒక పొరపాటు ఆలోచన ఉంది. నాలుగు స్ట్రోకుల బళ్లకి అలవాటు పడి, పొగ లేకపోతే ఇంజిన్ బాగున్నట్టు అనుకుంటాం. టూ స్ట్రోకులో ఆయిల్ కాలాల్సిందే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కొంచెం నీలం పొగ రావాలి, వేడెక్కాక తగ్గాలి. అసలు రాకపోతే ఆయిల్ అందడం లేదేమో అని భయపడాలి. ఆయిల్ ట్యాంకు నిండుగా ఉందా అని కాదు, పంపు నుంచి పైపు ఇన్‌టేక్ దాకా వెళ్తోందా, ఆ పైపులో గాలి బుడగలు లేకుండా ఆయిల్ ఉందా, యాక్సిలరేటర్ తిప్పినప్పుడు పంపు లీవరు కదులుతోందా అనేవి చూడాలి. "పంపు తీసేశాం సార్, పెట్రోల్లో కలుపుకుంటే అదే బెస్టు" అని ముందే చెప్పేవాడు నిజాయితీపరుడే, అలాంటి బండి కొనొచ్చు, బంకుకి వెళ్లినప్పుడల్లా కలుపుకోవాలంతే. దాచినవాడే ప్రమాదం.

వేడెక్కాక కూడా తెల్లటి దట్టమైన పొగ ఆగకుండా వస్తూ, మాడిన గేరాయిల్ వాసన కొడితే, క్లచ్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ (ఆయిల్, గాలి లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది, ఇంజిన్ గేరాయిల్‌ని తాగేస్తోంది. గేరాయిల్ మట్టం కూడా తగ్గుతూ ఉంటుంది. మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీల్ పోతే పొగ కాదు, గాలి లోపలికి వస్తుంది. అప్పుడు బండి ఐడ్లింగు ఉన్నట్టుండి పెరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలినా వెంటనే కిందికి రాదు. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ గాలి ఎక్కువై మిశ్రమం పలచబడితే చివరికి జరిగేది అదే సీజ్. కార్బొరేటర్ ట్యూనింగ్ చేస్తే పోతుంది సార్ అంటారు, పోదు.

సీళ్లు తేల్చుకోవడానికి ఆటోనగర్లో మాకు తెలిసిన మెకానిక్ ఒక పద్ధతి చూపించాడు, నాకు చాలా నచ్చింది. కార్బొరేటర్, సైలెన్సర్ తీసేసి రెండు నోళ్లనీ సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి, ఒకదానిలోంచి బీపీ మిషన్ బల్బుతో గాలి కొడతాడు. బీపీ గేజ్ 300 దాకా ఉంటుంది కదా, అది దాదాపు 6 పీఎస్ఐ, ఈ పరీక్షకి సరిగ్గా సరిపోయే ఒత్తిడి. నిమిషానికి 50 పాయింట్ల కంటే ఎక్కువ పడిపోతుంటే ఎక్కడో లీకుంది. సబ్బు నురగ రాస్తే ఎక్కడో కూడా తెలిసిపోతుంది, మా బండికి పగిలిన కేసు దగ్గర బుసబుసా పొంగింది. ఇది అమ్మేవాడి ఇంటి ముందు కుదిరే పని కాదు, కానీ పెయింటుకి ఇచ్చే ముందు ఏ మెకానిక్ చేతైనా చేయించుకోవచ్చు.

అమ్మేవాడి ఇంటి ముందే కుదిరేది మాత్రం ఒకటుంది, నాకు తెలిసి అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష అదే. సైలెన్సర్ బ్లాక్ దగ్గర విప్పి పక్కకి జరిపితే ఎగ్జాస్ట్ పోర్టులోంచి పిస్టన్ ఎదురుగా కనిపిస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్లో ఈ అదృష్టం లేదు, వాల్వులు అడ్డం. సెల్‌ఫోన్ టార్చి వేసి, ప్లగ్ తీసేసి, కిక్కు రాడ్డుని మెల్లగా దింపుతూ చూడండి. పిస్టన్ మీద నిలువు గీతలున్నాయా, అల్యూమినియం పూసినట్టు మెరుస్తోందా, రింగుల కింద నల్లగా మాడిన మరక ఉందా, రింగు ముక్క విరిగిందా, అన్నీ తెలుస్తాయి. సీజ్ అయిన పిస్టన్ ఎక్కువగా దెబ్బతినేది ఎగ్జాస్ట్ వైపే, మనం చూస్తున్నది కూడా ఆ వైపే. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎదుటి గోడ కనిపిస్తుంది, దాని మీద నిలువు గీతలు పడ్డాయా చూసుకోండి. ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్ నెత్తి మీద 25, 50, 75, 100 అంకెలేమైనా కనిపిస్తాయేమో చూడండి, మసి ఉంటే పొడుగు పుల్లకి గుడ్డ చుట్టి తుడవచ్చు.

మాగ్నెట్ కవరు తీయనిస్తే ఇంకా మంచిది. పిస్టన్ సగం ఎత్తులో ఉన్నచోట మాగ్నెట్‌ని అటూ ఇటూ కొంచెం ఆడించండి. మాగ్నెట్ తిరుగుతున్నా పిస్టన్ కదలకుండా టక్కుమని శబ్దం వస్తే కనెక్టింగ్ రాడ్డు పోయింది. మాగ్నెట్‌నే పైకీ కిందికీ ఊపినప్పుడు కదిలితే క్రాంక్ బేరింగులు పోయాయి. రాడ్డు పక్కలకి కాస్త ఆడితే భయపడకండి, అది ఉండాల్సిందే.

కేసు కింద, చైన్ ముందు పళ్ల చక్రం దగ్గర, వేలు పెట్టి తడమండి. ఉబ్బెత్తుగా, గరుకుగా తగిలితే, లేదా మిగతా కేసంతా మురికిగా ఉండి అక్కడ మాత్రం కొత్త పెయింటు మెరుస్తుంటే, తాళంచెవితో గీకి చూడండి. వాడు అరిస్తే అరవనీండి. ఇంజిన్ నంబరు కేసు మీదే ఉంటుంది కాబట్టి, కేసు మార్చాల్సి వస్తే ఖర్చొక్కటే కాదు, ఆర్‌సీలో ఇంజిన్ మార్పు రాయించుకోవడం, ఆర్‌టీఓ ఆఫీసు చుట్టూ తిరగడం ఉంటాయి. నంబరు అంకెలు ఒక వరసలో లేకపోయినా, చుట్టూ గ్రైండర్ గీతలున్నా బేరం ఆడకుండా వచ్చేయండి.

ఇంకోటి, "వింటేజ్ సార్" అని రేటు పెంచుతారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ అనాలంటే 50 ఏళ్లు దాటాలి. ఆర్‌ఎక్స్ 100 పుట్టి ఇంకా అన్నేళ్లు కాలేదు.

రిస్టోరేషన్ షాపుల గురించి కూడా ఒక మాట. పెయింటు, క్రోమ్, సీటు, స్టిక్కర్లకే ముందు అడ్వాన్సు అడుగుతారు, ఇంజిన్ సంగతి చివర్లో చూద్దాం అంటారు. ఒప్పుకోవద్దు. ఇంజిన్ దింపి, విప్పి, బోరింగ్ షాపులో కొలిపించి, ఏమేం పోయాయో కాగితం మీద రాసిచ్చాకే మిగతావాటికి డబ్బులివ్వండి. మాకు పిస్టన్ కిట్టు, బోరింగు, రాడ్డు, బేరింగులు, సీళ్లు, పంపు కలిపి ₹19,000 చెప్పారు, అది కేసు కాకుండా. కేసు పగిలిందని ముందే తెలిస్తే తమ్ముడు అసలు ఆ బండి ముట్టుకునేవాడే కాదు.

వెళ్లేటప్పుడు ప్లగ్ స్పానర్, రింగు స్పానర్ల సెట్టు, టార్చి, పాత గుడ్డ తీసుకెళ్లండి. "సైలెన్సర్ విప్పితే గ్యాస్కెట్ పాడైపోద్ది సార్" అనే మాట తప్పకుండా వస్తుంది, కాబట్టి స్పేర్ పార్టుల షాపులో ఒక కొత్త గ్యాస్కెట్ కొనుక్కొని జేబులో వేసుకొని మరీ వెళ్లండి.