హీలియోసా, టాకుమారా?

తిరుపతి వీధులకీ, పెంపుడు కుక్కకీ ఒకే పాత లెన్స్ కొనాలంటే నా ఓటు సోవియట్ హీలియోస్ 44-2కే. 58 ఎం.ఎం., ఎఫ్/2 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది). కపిలతీర్థం దగ్గర చెట్ల కింద పడుకున్న కుక్క కళ్లపై ఫోకస్ పెట్టి ఎఫ్/2లో తీయండి. కళ్లు తేటగా నిలుస్తాయి, వెనక ఆకుల మధ్య వెలుగు చుక్కలు ఫ్రేమ్ అంచుల్లో సుడి తిరుగుతాయి. ఆ అందం నాకు ఇంకెందులోనూ దొరకలేదు. ఎదురెండలో మాత్రం రంగులు వెలిసినట్టు వస్తాయి.

చీకటి పడ్డాక గోవిందరాజస్వామి గుడి వీధిలో పూల అంగళ్లు తీయాలా? అక్కడ జపాన్ సూపర్ టాకుమార్ 50 ఎం.ఎం. ఎఫ్/1.4 మేలు. హీలియోస్ కంటే రెట్టింపు వెలుతురు తీసుకుంటుంది. వీటిలో థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన గాజున్న రకాలు పసుపు తిరుగుతాయి. కొన్నాళ్లు ఎండలో పెడితే చాలావరకు పోతుంది, మన ఊళ్లో ఎండకేం కొదవ!

రెండూ ఎం42 అనే మర బిగింపువే, ఇప్పటి కెమెరాకు తగిలించడానికి ఒకే అడాప్టర్ చాలు. ఆటోఫోకస్ దేనికీ లేదు. గెంతే పిల్లికి, కాస్త ముందువెనకలైనా తేటగా వచ్చేలా ఎఫ్/5.6 పెట్టి, ఫోకస్ దూరం ముందే సెట్ చేసుకోండి.