ఆరేళ్ళు ఇంట్లో రీఫ్ ట్యాంకు నడిపి, అమ్మేశాక రాస్తున్న సమీక్ష

రీఫ్ ట్యాంకు అంటే ఉప్పునీళ్ళలో సముద్రపు చేపల్నీ బతికున్న పగడాల్నీ పెంచే గాజు తొట్టి. 2018లో మొదలుపెట్టి 2024లో అమ్మేశాను. మూడడుగుల గాజు ట్యాంకు, దాని కింద నీళ్ళు శుభ్రం చేసే చిన్న తొట్టి (సంపు), మొత్తం 200 లీటర్ల ఉప్పునీళ్ళు. తిరుపతి బైరాగిపట్టెడలో రెండో అంతస్తు ఇల్లు మాది. "ఖర్చు భరించలేక మానేశావా?" అనే అందరూ అడుగుతారు. లక్షన్నర దాటిన మాట నిజమే. కానీ ఖర్చుకు భయపడేవాళ్ళు మొదటి మూడు నెలల్లోనే మానేస్తారు. అంతా పెట్టేసి, ట్యాంకు కళకళలాడుతున్నప్పుడు వదిలేసేవాళ్ళ సంగతి వేరు.

మా అమ్మది పలమనేరు పక్కన పల్లె. పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగింది. మొదటి ఎండాకాలంలో నా అవస్థ చూసి, "ఆవును కట్టేసుకున్నట్టే ఉండాది కదరా నీ పని. పొద్దున, సాయంత్రం ఇంటికాడ ఉండాల్సిందే. ఆవన్నా పాలిస్తాది" అంది. ఈ హాబీ గురించి ఇంతకంటే సరైన మాట నేనింకా వినలేదు.

సముద్రపు నీళ్ళలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. ఏప్రిల్, మేలలో ఫ్యాన్లు తిరుగుతుంటే మా ట్యాంకులో రోజుకు ఆరు లీటర్లు తగ్గేవి. మూడు రోజులు పట్టించుకోకపోతే 35 కాస్తా 38 దాటుతుంది. తగ్గినచోట పోయాల్సింది మంచినీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. కొత్తవాళ్ళలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

మా ఇంట్లో ఆ తప్పు అమ్మ చేతిలో జరిగింది. 2019 మేలో మదనపల్లెలో పెళ్ళికి నాలుగు రోజులు వెళ్ళాం. వంటింటి గోడ పక్కన ఒకేలాంటి రెండు తెల్ల క్యాన్లు ఉన్నాయి. ఒకదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు, ఇంకోదాంట్లో వారానికోసారి నీళ్ళు మార్చడానికి కలిపిపెట్టుకున్న ఉప్పునీళ్ళు. "క్యానులో నీళ్ళు గీత దాకా పోయమ్మా" అని చెప్పి వెళ్ళాను. ఏ క్యానో చెప్పలేదు. తిరిగొచ్చేసరికి మీటరులో 39. అరచేయంత విప్పారి ఉండే మష్రూమ్ కోరల్స్ అనే మెత్తటి పగడాలు చొక్కా గుండీలంత అయిపోయాయి. ఒక్కసారిగా తగ్గిస్తే ఇంకా ప్రమాదం కాబట్టి మూడు రోజులు కొంచెం కొంచెంగా దించాను. అమ్మ మాత్రం, "సముద్రానికి ఉప్పు ఎక్కువైందంటే ఎవురు నమ్ముతారురా" అంది.

నీళ్ళ సంగతి ఇంకొంచెం చెప్పాలి. మా బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) 700 పైనే. తాగడానికి పెట్టుకున్న ఆర్‌ఓలోంచి వచ్చేది 50 దాకా ఉంటుంది. మనకు బాగానే ఉంటుంది గానీ పగడాలకు సున్నా కావాలి. దానికి వెనక, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెసిన్ పెట్టాను. లీటరు మంచినీళ్ళు రావాలంటే మూడు లీటర్లు వృథాగా పోతాయి. ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే రోజుల్లో ఆ పైపులోంచి నీళ్ళు కారిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూముకు వాడాం.

ఇక వేడి. నీళ్ళు 26 డిగ్రీల దగ్గర నిలబడాలి. బయట 42, హాల్లో 36. చిల్లర్ కొన్నాను. నీళ్ళలోంచి లాగిన వేడిని అది హాల్లోకి వదుల్తుంది. చేపలు చల్లగా ఉంటే మేం ఉడికిపోయాం. చివరికి పైపులు పొడిగించి దాన్ని బాల్కనీలోకి మార్చాను. ఎండాకాలంలో కరెంటు బిల్లు నెలకు పదిహేను వందలు పెరిగింది.

2021 నవంబరు వానల గురించి తిరుపతివాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కింది అంతస్తులోకి నీళ్ళు వచ్చాయి, కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద నీళ్ళను కదిలించే పంపు, అదే వేవ్‌మేకరు, ఒక్కటే నడిపాను, రాత్రి రెండింటికి అదీ ఆగిపోయింది. నీళ్ళు కదలకపోతే ఆక్సిజన్ పడిపోతుంది. నేనూ మా ఆవిడా చెరో గంట, మగ్గుతో నీళ్ళు ముంచి జానెడు ఎత్తు నుంచి పోస్తూ తెల్లవారేదాకా కూర్చున్నాం. బయట వాన, ఇంట్లో మగ్గు చప్పుడు. రెండు క్రోమిస్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య పోయాయి. అప్పటికే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొని ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు. మీరు మొట్టమొదట కొనాల్సింది అదే, లైట్లు కాదు.

మంచి లేకపోతే ఆరేళ్ళు ఎందుకు చేస్తాను? క్లౌన్ చేపల జంటలో పెద్దది ఆడది. గాజు తుడుద్దామని చేయి పెడితే చాలు, వచ్చి వేలు కొరికేది. అది చచ్చిపోతే మగది ఆడదిగా మారుతుందని చెబితే మా బంధువులు నన్ను వింతగా చూసేవాళ్ళు. తిరుపతిలో ఇల్లంటే దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు కదా. ఒక పెద్దాయన, కోనేట్లో చేపలకు వేసినట్టే, గుప్పెడు బొరుగులు మా ట్యాంకులో చల్లేశారు. తిండి కుళ్ళితే నీళ్ళలో నైట్రేటు పెరుగుతుంది. పుణ్యం ఆయనకు, నైట్రేటు నాకు.

ఎయిప్టేషియా అనే చిన్న పువ్వులాంటి జీవి ఒకటి ఉంటుంది, పగడాలు అతుక్కుని ఉన్న రాతి ముక్కలతో పాటు ట్యాంకులోకి వచ్చేస్తుంది. అది రక్తబీజుడే. గీకితే ప్రతి ముక్కా ఇంకొకటిగా మొలుస్తుంది. దాన్ని గీకింది నేనే కాబట్టి చెబుతున్నాను.

పగడాలు కొనేముందు ఒక మాట. మన దేశంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. "ఏం కాదు, తీసుకోండి" అనే మాట నమ్మి మన సముద్రంలోంచి తీసినవి కొనకండి. నేను మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి రకాలతోనే సరిపెట్టుకున్నాను, ట్యాంకులో పేర్చిన రాయి కూడా కృత్రిమమైనదే.

ఎందుకు అమ్మానంటే, 2024లో నాన్నకు వేలూరులో ఆపరేషన్ జరిగింది. పన్నెండు రోజులు అక్కడే. నీళ్ళు దానంతటదే పోసే ఆటో టాప్ ఆఫ్, ఫోన్లో కనబడే కెమెరా, అన్నీ పెట్టుకునే వెళ్ళాను. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని కెమెరాలో నీటి గీత కిందికి వచ్చిందా అని చూస్తున్నాను. నర్సు నాన్న పేరు రెండుసార్లు పిలిచిందట. నాకు వినబడలేదు. పక్కన కూర్చున్నాయన భుజం తట్టాడు. ఇంటికొచ్చిన వారంలోనే ట్యాంకు అమ్మకానికి పెట్టాను.

చిత్తూరు నుంచి ఒక కుర్రాడు వచ్చి చేపలతో సహా తీసుకుపోయాడు, నేను పెట్టినదాంట్లో మూడోవంతుకు. ఏప్రిల్‌లో ఫోన్ చేశాడు. "అన్నా, వారం రోజులు పెళ్ళికి పోవాల. నీళ్ళు మా అమ్మ పోస్తాదంట, ఫరవాలేదా?"

రెండు క్యాన్లకూ వేరే వేరే రంగు టేపు అతికించి పో తమ్ముడూ, అన్నాను.