ఓటీపీ అడిగాడు, చదివి వినిపించాను: వీసా స్లాట్ ఏజెంట్‌తో జాగ్రత్త

ఇంటికొచ్చి గంట కూడా కాలేదు. కాగితాల ఫైలు ఇంకా ఒళ్ళోనే ఉంది. రెండు రోజులాగి రాస్తే కాస్త మర్యాదగా రాస్తానేమో, కానీ ఈలోపు ఇంకెవరో ఒకరు ఆ ఏజెంట్‌కి డబ్బులు పంపేస్తారు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆయన పేరు రాయను. షెంగెన్ వీసా (యూరప్ దేశాలకి ఇచ్చేది) స్లాట్ కోసం, అంటే అప్లికేషన్ ఇచ్చే అపాయింట్‌మెంట్ కోసం తిరుగుతున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు కూడా. ప్రొఫైల్ ఫోటోలో విమానం, ప్రతి మెసేజ్ చివర దణ్ణం పెట్టే బొమ్మ, "స్లాట్ దొరకలేదా అక్కా, మీ తమ్ముడున్నాడు" అనే పలకరింపు. ఆ తమ్ముడే.

సంగతి క్లుప్తంగా చెప్తాను. యూరప్‌లో ఉన్న చెల్లెలికి వచ్చే నెల 20న డెలివరీ డేట్ ఇచ్చారు. నేను దగ్గరుండాలి. మూడు వారాలు రాత్రిళ్ళు మేలుకుని, బుకింగ్ సైట్ క్యాలెండర్లో ఖాళీ లేదని చెప్పే బూడిదరంగు గళ్ళు చూసి చూసి, క్యాప్చాలో ట్రాఫిక్ లైట్లు లెక్కపెట్టి లెక్కపెట్టి, చివరికి ఒక అర్ధరాత్రి నా చేత్తో నేనే ఒక స్లాట్ పట్టాను. ఈ నెల 28, ఉదయం 9:20. అవును, నాకు అసలైన స్లాట్ ఉంది. ఉండేది. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే.

28న అప్లికేషన్ ఇస్తే, మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్తారు, అంటే 13కల్లా పాస్‌పోర్ట్ చేతికొస్తుంది, సరిపోతుంది. కానీ ఇంకేమైనా కాగితాలు కావాలనుకుంటే 45 రోజుల దాకా లాగే హక్కు ఎంబసీ వాళ్ళకుంది. ఈ 45 అనే అంకె నా బుర్రలో దూరాక నిద్ర పట్టలేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు కదా, అప్పుడేం చేశావని అడక్కండి. చెల్లెలు రమ్మన్నప్పుడే మొదలుపెట్టాల్సింది, పెట్టలేదు. అడిగిన రెండు వారాల్లోపు అపాయింట్‌మెంట్ ఇవ్వాలని వాళ్ళ రూల్లో సాధారణ నియమంగా రాసుంది. ఎంత చక్కగా రాశారో. నాకు ఆ రెండు వారాలూ క్యాలెండర్ తెరుచుకోవడానికే పట్టాయి.

అలాంటి టెన్షన్లో ఉన్నదాన్ని తమ్ముడికి మెసేజ్ పెట్టాను.

ఒప్పుకుని తీరాల్సిన విషయం ఒకటుంది, మనిషికి విషయం తెలుసు. మొదట వేరే దేశం ఎంబసీలో స్లాట్లు ఖాళీగా ఉన్నాయి, అక్కడ వేద్దామన్నాడు. నేను, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే వేయాలి కదా, రోజులు సమానమైతేనే మొదట దిగే దేశం చూస్తారు కదా అన్నాను. "అబ్బ, అక్కకి అన్నీ తెలుసు" అన్నాడు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. నాలుగేళ్ళ కిందట నేను వీసా తీసుకున్నానని విని, అప్పటి వేలిముద్రలు 59 నెలల దాకా పనికొస్తాయి, మీ పని సులువు అన్నాడు. వెళ్ళి చూసుకుంటే అదీ నిజమే. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదనీ, మనం అక్కణ్ణుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు పాస్‌పోర్ట్‌కి చెల్లుబాటు ఉండాలనీ నేను అడక్కుండానే చెప్పాడు. ఇన్ని నిజాలు చెప్పేవాడు ఒక్క అబద్ధం చెప్తాడని ఎందుకనుకుంటాం?

28ని 11కి జరుపుతానన్నాడు. వీసా ఫీజు 90 యూరోలు. ఆయన అడిగింది దానికి రెట్టింపు. లోపల ఉండి ఎంబసీ తరఫున అప్లికేషన్లు తీసుకునే సర్వీస్ సెంటర్ వాళ్ళు తీసుకునే సర్వీస్ ఛార్జీ వీసా ఫీజులో సగం దాటకూడదని నియమం ఉంది, బయట ఉన్న తమ్ముడికి మాత్రం ఏ నియమమూ లేదు. పంపాను. పాస్‌పోర్ట్ స్కాన్ పంపాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు పంపాను. లాగిన్, పాస్‌వర్డ్ పంపాను. మా ఇంట్లోవాళ్ళకి కూడా నా ఫోన్ ప్యాటర్న్ చెప్పని దాన్ని నేను.

తర్వాత రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. "అక్కా, ఆరంకెలు వచ్చాయి చూడండి, తొందరగా చెప్పండి, స్లాట్ పోతుంది" అన్నాడు. చెప్పాను. అర నిమిషం కూడా పట్టలేదు. గంట తర్వాత అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చింది. 11వ తేదీ, 8:40, నా పేరు, నా పాస్‌పోర్ట్ నంబరు. థాంక్యూ తమ్ముడూ అని కూడా పెట్టాను. దణ్ణం బొమ్మ వచ్చింది.

ఇక ఈ ఉదయం.

ఐదున్నరకి సెంటర్‌కి వెళ్ళాను. అప్పటికే గోడ పొడుగునా అరవై మంది దాకా ఉన్నారు. గేటు తీసేది ఎనిమిదికి. ఇంత ముందు రావడం దేనికో ఎవరికీ తెలియదు, అందరి చేతుల్లోనూ టైము రాసున్న కాగితాలే, అయినా వరుస అంటే భయం అలాంటిది. ఒకావిడ నిలబడే నిద్రపోయింది, ముందున్నాయన కదిలినప్పుడల్లా కళ్ళు తెరవకుండానే ఒక అడుగు వేస్తోంది. నా వెనక ఒక పెద్దాయన. కొడుకు దగ్గరికి వెళ్తున్నాడట. ఫోటోలు పెట్టుకున్న కవరు ప్రతి పది నిమిషాలకీ తీసి లెక్కపెట్టుకుంటున్నాడు, రెండే ఉన్నాయి అందులో.

ఎనిమిదింబావుకి గార్డు లిస్టు పట్టుకుని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ స్కేలు. పేరు అడగడం, స్కేలుని లిస్టు మీద పెట్టి ఒక్కో వరుసా కిందికి జరపడం, దొరికితే టిక్కు పెట్టడం. నా పేరు చెప్పాను. స్కేలు కిందికి జరిగింది. చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ పైనుంచి మొదలైంది. నేను ఆ స్కేలునే చూస్తున్నాను, అది నాలుగో వరుస దగ్గర ఒక్క క్షణం ఆగింది, నా ప్రాణం లేచొచ్చింది, మళ్ళీ జరిగింది. "ఈ పేరు లేదండీ" అన్నాడు. లెటర్ చూపించాను. రిఫరెన్స్ నంబరు చూసి, అదెవరిదో వేరేవాళ్ళది, మధ్యాహ్నం బ్యాచ్‌లో ఉంది అన్నాడు. పక్కకి నిలబడమన్నాడు. కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది.

అప్పుడు వెనకున్న పెద్దాయన తన కాగితం నా కాగితం పక్కన పెట్టాడు. చివరి నాలుగంకెలు వేలు పెట్టి చదివాడు. నావీ అవే. పై అంకెలూ అవే. టైము కూడా 8:40. పేరూ పాస్‌పోర్ట్ నంబరూ మాత్రమే వేరు, ఆ రెండు లైన్ల అక్షరాలు మిగతా అక్షరాల కంటే కాస్త లావుగా ఉన్నాయి. పక్కపక్కన పెట్టాక కళ్ళకి కొట్టినట్టు కనిపించింది. వారం రోజులు ఆ కాగితాన్ని ఫోన్లో రోజుకి నాలుగుసార్లు చూసుకుని మురిసిపోయిన నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. "మీకూ తమ్ముడేనా?" అన్నాను. "నన్ను బాబాయ్ అన్నాడమ్మా" అన్నాడు.

ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్ చేశాను, పెద్దాయన కూడా వినాలని. మొదటిసారే ఎత్తాడు, అది నాకిప్పటికీ ఆశ్చర్యం. సంగతి చెప్పాను. అక్కా అనలేదు.

"మేడం, నేను ఇచ్చేది సర్వీస్. స్లాట్ ఎంబసీ చేతిలో ఉంటుంది. లెటర్ వచ్చాక సైట్లో చెక్ చేసుకునే బాధ్యత మీది. చదువుకున్నవాళ్ళే కదా."

సరే, నా డబ్బులు పోతే పోయాయి, నా 28 స్లాట్ నాకుందా లేదా అదొక్కటి చెప్పు అన్నాను.

నవ్వాడు. నిజంగా నవ్వాడు, కోపంతో కల్పించి చెప్పడం లేదు, పెద్దాయన సాక్షి. "అది క్యాన్సిల్ చేయడానికి ఓటీపీ చదివింది మీరే కదా మేడం. మెసేజ్ తీసి చూసుకోండి" అని, అరిస్తే బ్లాక్ చేస్తానన్నాడు. నేను అరవనేలేదు. గొంతే రాలేదు. అయినా బ్లాక్ చేశాడు.

ఆ గోడకి ఆనుకుని మెసేజ్ తీశాను. వారం కిందటిది. ఎంత స్పష్టంగా ఉందో చూడండి, మీ అపాయింట్‌మెంట్ రద్దు చేయడానికి ఈ కోడ్ వాడండి, దీన్ని ఎవరికీ చెప్పకండి. రెండే లైన్లు. అందులో నేను చదివింది ఆరంకెలు, వదిలేసింది మిగతా అంతా. షెంగెన్ రూల్స్ కంఠతా చెప్పిన తెలివైనదాన్ని, రెండు లైన్ల మెసేజ్ చదవలేకపోయాను. డబ్బుల కంటే ఆ నవ్వు కంటే కూడా ఇదే నన్ను తినేస్తోంది. ఆయన తలుపు బద్దలుకొట్టి రాలేదు, తాళంచెవి నేనే చేతికిచ్చి, జాగ్రత్త తమ్ముడూ మెట్లున్నాయి అని దారి కూడా చూపించాను.

నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎందుకో తెలియదు. టిక్కు పడినవాళ్ళు ఒక్కొక్కళ్ళే లోపలికి వెళ్తున్నారు, నిలబడి నిద్రపోయినావిడ కూడా వెళ్ళింది. రాత్రిళ్ళు మేలుకుని స్లాట్ పట్టుకున్నవాళ్ళు, 28 కోసం ఓపిగ్గా ఆగే నాలాంటివాళ్ళు అన్నమాట. నాలాంటివాళ్ళు అని ఎలా రాశానో చూడండి. ఇంకొకర్ని దాటి ముందుకు పోవాలనే కదా నేను డబ్బులిచ్చింది. ఆ మాట పెద్దాయనతో అంటే, ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, ముందు మంచినీళ్ళు తాగు అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే క్యాలెండర్ మళ్ళీ బూడిదరంగే. పాస్‌వర్డ్ మార్చాను, బ్యాంకుకి చెప్పాను, సైబర్ ఫిర్యాదు పెట్టాను. నా పాస్‌పోర్ట్ స్కాన్ ఇప్పుడు ఎవరి లెటర్ మీద అతుక్కుని తిరుగుతోందో దేవుడికే తెలియాలి. ఇన్సూరెన్స్ కొనేశాను, వీసా రిజెక్ట్ అయితే డబ్బు వెనక్కిస్తామని పాలసీలో ఉంది, అసలు అప్లై చేయలేకపోయిన తెలివిగలవాళ్ళ గురించి అందులో ఏమీ లేదు.

ఇప్పుడు మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు, ఓపిక ఉన్నంతలో. ఎవరు లెటర్ పంపినా పీడీఎఫ్‌ని నమ్మకండి, మీరే మీ లాగిన్‌తో సైట్లోకి వెళ్ళి అక్కడ ఆ తేదీ కనిపిస్తేనే ఉన్నట్టు. లాగిన్ ఎవరికీ ఇవ్వద్దు. ఓటీపీ మెసేజ్‌లో అంకెలు కాదు, ముందు అక్షరాలు చదవండి. చేతిలో ఉన్న స్లాట్ ఎంత దూరమైనా, కొత్తది సైట్లో మీ పేరు మీద కనపడేదాకా పాతది వదలకండి. నిజంగా అత్యవసరమైతే అపాయింట్‌మెంట్ లేకుండా అప్లికేషన్ తీసుకునే వీలు, వెంటనే స్లాట్ ఇచ్చే వీలు ఆ రూల్స్‌లోనే ఉంది, కారణానికి రుజువులు పెట్టి నేరుగా ఎంబసీకి రాయాలి. ఇది నాకు చెప్పింది వరుసలో నా ముందు నిలబడ్డ ఒక కుర్రాడు, ఉత్తినే చెప్పాడు. డాక్టర్ ఇచ్చిన డేట్ కాగితం జతచేసి ఇందాకే రాశాను. జవాబు రాలేదు, ఇంకా కాసేపే కదా అయింది.

ఇది పోస్ట్ చేసేముందు మావారి ఫోన్లోంచి ఆ విమానం ప్రొఫైల్ తెరిచి చూశాను, మావారి నంబరుని ఆయన బ్లాక్ చేయలేదు కదా. పది నిమిషాల కిందటి స్టేటస్ ఉంది. "ఈ నెల 28, ఉదయం 9:20, ఒక్క స్లాట్ మాత్రమే మిగిలింది. ముందు వచ్చినవారికే." చివర దణ్ణం బొమ్మ.