ముంబయిలో పాత పాటల రికార్డుల వేట: ఎక్కడికి వెళ్లొచ్చు, ఎక్కడ జేబు జాగ్రత్త

హైదరాబాద్‌లో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ముంబయి సీఎస్‌ఎంటీ స్టేషన్లో దిగుతాం. అక్కణ్నుంచి కాలాఘోడా నడిచిపోవచ్చు. పాత సామాన్లు అమ్మే చోర్ బజార్‌కి టాక్సీ ఖర్చు పెద్దగా అవదు.

కాలాఘోడాలో, జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ ఎదురుగా మూలమీదున్న రిథమ్ హౌస్ 2016లో మూతపడింది. 1940లలో మొదలైన పాటల రికార్డుల, క్యాసెట్ల కొట్టు. తొంభైల్లో ఆఫీసు పనిమీద ముంబయి వెళ్తే సాయంత్రాలు నాకు అక్కడే గడిచేవి. చిన్న గదిలో కూర్చుని విని, నచ్చితేనే కొనేవాళ్లం. కొనకపోయినా ఎవరూ మొహం మాడ్చుకునేవారు కాదు. మా ఊరి రికార్డింగ్ సెంటర్లో ఆ వైభోగం ఎక్కడిది? పాటల చీటీ, తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ ఇచ్చి నాలుగు రోజులాగి వెళ్తే, చివరి పాట చరణం మధ్యలో తెగి ఉండేది. ఆ పాట నాకు ఇప్పటికీ అక్కడే ఆగుతుంది.

పైరసీ, ఇంటర్నెట్ కలిసి రిథమ్ హౌస్ వ్యాపారాన్ని తినేశాయి. 2017లో ఆ ఆస్తిని వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ కంపెనీ కొంది. తర్వాత పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం కేసులో ఈడీ దాన్ని అటాచ్ (జప్తు) చేసింది. పాటల కొట్టుకి ఇంత కథ! నేను వెళ్లినప్పుడు షట్టర్ దించే ఉంది.

అసలు వేట చోర్ బజార్ మటన్ స్ట్రీట్‌లో. శుక్రవారం మాత్రం వెళ్లకండి, మామూలు కొట్లు మూసేస్తారు. ఒక కొట్టాయన అట్టలోంచి ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) తీసి, చొక్కా అంచుతో తుడిచి, "కండిషన్ ఏ-వన్" అన్నాడు. ఎండకేసి కాస్త వంచి చూస్తే సన్నటి గీతలన్నీ బయటపడ్డాయి. గోటికి తగిలే గీత ఉంటే వదిలేయండి, సూది అక్కడే ఎగురుతుంది. లోపలి రికార్డు లేబుల్ కూడా చదవాలి. ఘంటసాల బొమ్మున్న అట్టలో నాకు గుజరాతీ భజనలు దొరికాయి! తెలుగువి అరుదు, కానీ అడిగేవాళ్లు తక్కువ కాబట్టి బేరం బాగా తెగుతుంది. హిందీ సినిమావైతే మొదట చెప్పిన రేటుకి సగంలో మొదలుపెట్టండి. 78 ఆర్‌పీఎమ్‌వి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు, షెల్లాక్‌తో (లక్కతో) చేసినవి, జారితే పింగాణీ కప్పులా పగులుతాయి. వాటికి వేరే వెడల్పు సూది కావాలి. అది లేనివాళ్లు కొని గోడకి తగిలించుకోవడమే.

మాహిమ్‌లోని రివాల్వర్ క్లబ్ కొత్త తరం కొట్టు. కొత్త ఎల్పీలు, టర్న్‌టేబుళ్లు (రికార్డు ప్లేయర్లు) శుభ్రంగా సర్ది ఉంటాయి. వేల రూపాయల వ్యవహారం. మొదటిసారి ప్లేయర్ కొనేవాళ్లు మాత్రం నేరుగా అక్కడికే వెళ్లడం మంచిది.

బస విషయానికొస్తే, కొలాబా సందులో నేను దిగిన లాడ్జి దండగ. ఫొటోలో కనిపించిన కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. వేడినీళ్లు అడిగితే "పొద్దున ఏడింటికల్లా అయిపోతాయి సార్" అన్నాడు. తిరుగు బండి రాత్రికే ఉంది కాబట్టి, రికార్డుల కోసమే వెళ్లేవాళ్లు సామాను సీఎస్‌ఎంటీ క్లోక్‌రూమ్‌లో పడేసి ఒక్క పగట్లో పని ముగించుకోవచ్చు. బ్యాగుకి తాళం లేకపోతే క్లోక్‌రూమ్‌లో తీసుకోరు. కొన్నవాటిని బండిలో నిలబెట్టే ఉంచండి. పడుకోబెట్టి పైన సూట్‌కేసు పెడితే ఇల్లు చేరేసరికి వంగిపోతాయి.