ఐదు క్లెప్ సబ్జెక్టులు, ఆరుసార్లు పరీక్ష

తెనాలిలో బీకాం రెండో ఏడు చదువుతుండగా నాకు పెళ్లయింది. చదువు అక్కడితో ఆగింది. టెక్సస్ వచ్చిన పదేళ్లకు, డెంటల్ ఆఫీసులో బిల్లింగ్ పని చేసుకుంటూ మళ్లీ కాలేజీలో చేరాను. గత రెండున్నరేళ్లలో క్లెప్ పరీక్షలతో ఐదు సబ్జెక్టులు గట్టెక్కించాను. అందులో ఒకటి రెండోసారి రాస్తేగానీ రాలేదు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. క్లెప్ అంటే కాలేజ్ లెవెల్ ఎగ్జామినేషన్ ప్రోగ్రామ్. పెట్టేది, అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే ఎస్ఏటీ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డే. 1967 నుంచి ఉంది. క్లాసుకు వెళ్లకుండా, ఆ సబ్జెక్టు వచ్చని పరీక్షలో చూపిస్తే కాలేజీ క్రెడిట్ ఇస్తుంది, అంటే ఆ కోర్సు చదివినట్టే డిగ్రీలో లెక్కేస్తుంది. ఎక్కువ పరీక్షలు 90 నిమిషాలే. స్కోరు 20 నుంచి 80 దాకా, చాలా కాలేజీలకు 50 చాలు. నెగెటివ్ మార్కులు లేవు, తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టి రావచ్చు.

మొదట కాలేజ్ ఆల్జీబ్రా రాశాను. ఇంటర్‌లో ఎంఈసీ చదివినవాళ్లు దీనికి భయపడక్కర్లేదు. మన కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు, తెరమీద వాళ్లదే ఉంటుంది. అది ముందే అలవాటు చేసుకోండి.

ఫైనాన్షియల్ అకౌంటింగ్ మాత్రం నాకు తమాషాగా అనిపించింది. డెబిట్, క్రెడిట్ చేతికి వచ్చిన విద్యే. కానీ మనం బ్యాలెన్స్ షీటులో అప్పులు ఎడమ పక్క, ఆస్తులు కుడి పక్క వేస్తాం కదా, ఇక్కడ తిరగేసి వేస్తారు. సండ్రీ డెటార్స్ (మనకు బాకీ ఉన్నవాళ్లు) అంటే ఎవరికీ తెలియదు, అకౌంట్స్ రిసీవబుల్ అనాలి. తెనాలిలో మా లెక్చరర్ చూస్తే పుస్తకం విసిరికొట్టేవారు! ఆ పేర్లు కుదురుకోవడానికే నాకు నెల పట్టింది, లెక్కలకు కాదు.

పోయింది అమెరికన్ గవర్నమెంట్. 90 నిమిషాల్లో వంద ప్రశ్నలు. లోక్‌సభ, రాజ్యసభ చూస్తూ పెరిగిన బుర్రకు ఫిలిబస్టర్ (సెనేట్‌లో చర్చ సాగదీసి బిల్లును అడ్డుకోవడం), ఎలక్టోరల్ కాలేజ్ (అధ్యక్షుడిని ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధుల బృందం) ఒక్కసారిగా ఎక్కలేదు. 46 వచ్చింది. అదే పరీక్ష మళ్లీ రాయాలంటే మూడు నెలలు ఆగాలి. కోపంతో నెల రోజులు పుస్తకం ముట్టలేదు. రెండోసారి 58.

డబ్బు సంగతి. పరీక్ష ఫీజు దాదాపు వంద డాలర్లు, సెంటర్ ఫీజు వేరు. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ సైట్లో ఉచిత కోర్సు పూర్తిచేస్తే పరీక్ష ఫీజుకు వోచర్ ఇస్తుంది. నాలుగు పరీక్షలు అలాగే రాశాను. అయినా మొదటి రెండేళ్లు నేను చదివేది కమ్యూనిటీ కాలేజీలో, ఆ తర్వాతే యూనివర్సిటీ. ఇక్కడ ఫీజు తక్కువే కాబట్టి నాకు డబ్బుకంటే మిగిలింది టైమ్. పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, ఎనిమిది వారాలు చదివితే ఒక సెమిస్టర్ క్లాసు తప్పింది. యూనివర్సిటీలో నేరుగా చేరినవాళ్లకైతే డబ్బు కూడా గట్టిగానే మిగులుతుంది.

మేనేజ్‌మెంట్ పరీక్ష దగ్గర దెబ్బ తిన్నాను. మంచి స్కోరే వచ్చింది. తీరా నేను వెళ్దామనుకున్న యూనివర్సిటీలో అది మూడో ఏడాది సబ్జెక్టట, క్లెప్ మొదటి రెండేళ్ల స్థాయిదని దాన్ని ఎలెక్టివ్, అంటే ఐచ్ఛిక సబ్జెక్టు, కింద పడేశారు. అదే కోర్సు ఇప్పుడు మళ్లీ చదవాలి. తప్పు నాదే, మా కాలేజీ వెబ్‌సైట్లో ఏ పరీక్షకు ఏ క్రెడిట్ వస్తుందో చెప్పే పట్టిక చూసి ఊరుకున్నాను. మీరు మాత్రం పరీక్ష కట్టే ముందే, చివరికి డిగ్రీ ఇచ్చే చోట అడ్వైజర్‌ను అడగండి. ఈ పరీక్ష నా డిగ్రీ ప్లాన్‌లో ఏ గడి నింపుతుందో ఈమెయిల్లో రాసివ్వమనండి. నోటిమాట నమ్మొద్దు. ఇంకోటి, క్లెప్‌కు మామూలుగా గ్రేడు ఉండదు. జీపీఏ పెంచుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

మార్కెటింగ్ గురించి చెప్పడానికేం లేదు, మూడు వారాల్లో అయిపోయింది.

ఇక్కడ ప్రభుత్వ కాలేజీల్లో టెక్సస్ రాజ్యాంగం కూడా చదివి తీరాలి. దానికి క్లెప్ పరీక్ష లేదు. అందుకే ఈ సెమిస్టర్ మంగళవారం సాయంత్రాలు డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు పోతున్నాను, అన్నం డబ్బా కారులోనే ఖాళీ చేసి.