ఎక్స్‌రే ఆఫ్టర్‌గ్లో పట్టాలంటే స్విఫ్ట్ మేలా, చంద్రా మేలా?

గామా కిరణ విస్ఫోటాల (దూరపు గెలాక్సీల్లో జరిగే భారీ పేలుళ్లు; వాటి తర్వాత మిగిలి మసకబారే వెలుగే ఆఫ్టర్‌గ్లో) జోలికి వచ్చిన వాళ్లందరూ అడిగేదే ఇది: అంతరిక్షంలోని ఎక్స్‌రే టెలిస్కోపు చంద్రా అంత నిశితంగా చూస్తుంటే, చిన్న అద్దమున్న స్విఫ్ట్ ఉపగ్రహానికి ఎందుకంత పేరు? అద్దాల లెక్కన ప్రశ్న న్యాయమైనదే. 1.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర స్విఫ్ట్‌లోని ఎక్స్‌రే టెలిస్కోపు ఎక్స్‌ఆర్‌టీ ప్రభావ వైశాల్యం (ఎక్స్‌రేలను నిజంగా పట్టే వైశాల్యం) సుమారు 110 చదరపు సెంటీమీటర్లు. మరో ఎక్స్‌రే టెలిస్కోపు ఎక్స్‌ఎంఎమ్-న్యూటన్‌లోని మూడు కెమెరాలూ కలిస్తే దానికి పది రెట్లు పైమాటే.

నన్నడిగితే తేల్చేది తిరిగే వేగమే. ఆఫ్టర్‌గ్లో కాలానికి −1.2 ఘాతంతో తగ్గుతుందనుకోండి. 100వ సెకనులో ఉన్న వెలుగు, రోజు గడిచేసరికి సుమారు 3,300వ వంతుకు పడిపోతుంది. పదిరెట్ల అద్దం ఆ లోటు పూడ్చలేదు. పైగా మొదట్లో నిట్టనిలువుగా పడే దశ, ఆపైన దాదాపు చదునుగా సాగే దశ, నడుమ ఎగసే ఫ్లేర్లు పోతే పోయినట్టే. 1997లో బెప్పోశాక్స్ ఉపగ్రహం మొట్టమొదటి ఎక్స్‌రే ఆఫ్టర్‌గ్లోను చూసింది విస్ఫోటమైన 8 గంటలకు. స్విఫ్ట్‌లో విస్ఫోటాలను కనిపెట్టే బ్యాట్ పరికరం చోటు పసిగట్టగానే, నేల నుంచి ఆజ్ఞ కోసం ఆగకుండా ఉపగ్రహమే అటు తిరుగుతుంది. సూర్యుడో భూమో అడ్డు లేకపోతే ఒకటి రెండు నిమిషాల్లో ఎక్స్‌ఆర్‌టీ గురి కుదురుతుంది.

త్వరగా చేరడంలో ఒక చిక్కుంది: వెలుగు మరీ ఎక్కువ. 2.5 సెకన్లకో ఫ్రేము తీసే ఫోటాన్ కౌంటింగ్ మోడ్‌లో సెకనుకు 0.6 కౌంట్లు (నమోదైన కాంతి కణాలు, అంటే ఫోటాన్లు) దాటితే, ఒకే చోట పడ్డ రెండు ఫోటాన్లు ఎక్కువ శక్తి ఉన్న ఒక్క ఫోటానుగా నమోదవుతాయి. ఇదే పైలప్. కౌంట్లు తగ్గి, వర్ణపటం అధిక శక్తుల వైపు ఒరిగినట్టు కనిపిస్తుంది. బొమ్మ నడిమధ్య భాగాన్ని వదిలేసి చుట్టూ వలయంలోని ఫోటాన్లే తీసుకోవాలి. వదిలిన వాటాను లెక్కలో సరిచేయాలి. ఇంకా వెలుగుంటే విండోడ్ టైమింగ్ మోడే దిక్కు: 1.8 మిల్లీసెకన్ల వివరం దక్కుతుంది, బొమ్మ మాత్రం ఒక దిశకే పరిమితం.

చంద్రా రోజులు గడిచాక అక్కరకొస్తుంది. 2017 ఆగస్టు 17 నాటి న్యూట్రాన్ తారల విలీనంలో జెట్ (దూసుకొచ్చే పదార్థ ధార) మనవైపు సూటిగా లేదు. కాబట్టి ముందుగా చేరినా ఎక్స్‌రేలు కనపడలేదు. తొమ్మిదో రోజున చంద్రాకు చిక్కాయి. మూలం ఎన్‌జీసీ 4993 గెలాక్సీ కేంద్రకానికి సుమారు 10 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) దూరంలోనే ఉంది. కేంద్రకమూ ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. అర ఆర్క్‌సెకను చూపున్న చంద్రాకు అవి రెండు చుక్కలు. ఎక్స్‌ఆర్‌టీకి ఒకే మచ్చ.

పక్కన మరో మూలం లేక, మసకబారాక మంచి వర్ణపటం కావాలంటే ఎక్స్‌ఎంఎమ్. డిటెక్టరును తాకే తక్కువ శక్తి ప్రోటాన్ల (సాఫ్ట్ ప్రోటాన్ల) జడి పట్టిన సమయాన్ని కోసేయాలి కాబట్టి, పరిశీలన సమయం కాస్త ఎక్కువే అడగండి.

స్విఫ్ట్ కక్ష్య కిందికి జారుతోంది గనుక ఐన్‌స్టీన్ ప్రోబ్ అనే మరో ఎక్స్‌రే ఉపగ్రహం మాటా చెప్పాలి. 2024 జనవరిలో వెళ్లింది. విశాలంగా చూసే దాని డబ్ల్యూఎక్స్‌టీ టెలిస్కోపు ఒకేసారి 3,600 చదరపు డిగ్రీలు చూస్తుంది, కానీ చోటును ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో 60వ వంతు) దాకానే చెప్పగలదు. ఇంకా కచ్చితంగా కావాలంటే అందులోని మరో టెలిస్కోపు ఎఫ్‌ఎక్స్‌టీ అటు తిరగాల్సిందే.