పుచ్చు మీద సీలెంట్ వేయించుకున్న కొన్నేళ్ల తర్వాత

కింది దవడ పన్ను గాడిలో సన్నటి గోధుమ రంగు గీత, దాని పక్కన సుద్ద రాసినట్టు తెలుపు. ఇక డ్రిల్లింగ్ తప్పదనుకున్నాను. డెంటిస్ట్ ఎక్స్‌రే చూసి, "పుచ్చు మొదలైందండీ, ఇంకా గుంట పడలేదు. సీలెంట్ వేసి చూద్దాం" అన్నారు. సీలెంట్ అంటే పంటి గాడిని మూసేసే పల్చటి ప్లాస్టిక్ లాంటి పూత.

పుచ్చును లోపలే ఉంచి పైన మూసేస్తే అది లోలోపల పెరగదా? ఈ టెన్షన్ నాకూ ఉండేది. సీలెంట్ గట్టిగా అతుక్కుంటే కింద మిగిలిన బ్యాక్టీరియాకు చక్కెర అందదు, అందకపోతే పంటిని కరిగించే ఆమ్లం తయారవదు. గుంట పడని ఇలాంటి పుచ్చుకు సీలెంట్, దాంతోపాటు ఫ్లోరైడ్ వార్నిష్ (పంటికి బలమిచ్చే ఫ్లోరైడ్ పూత) వాడాలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉంది. అది తెలిశాకే కుర్చీ ఎక్కాను.

మత్తు ఇంజెక్షన్ లేదు, నొప్పి లేదు. గాడి శుభ్రం చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ పూసి, కాసేపటికి కడిగి ఆరబెడితే పంటి పైభాగం మంచు పట్టిన అద్దంలా మసకబారింది. సీలెంట్‌గా పూసే రెజిన్ పట్టుకునేది ఆ గరుకుదనాన్నే. అసలు ఇబ్బంది అక్కడే: ఆ దశలో చుక్క ఉమ్మి తగిలినా పట్టు పోతుంది. చెంపలో దూది కుక్కి ఉంటుంది, నాలుకేమో వద్దన్న చోటికే పోతుంది! తర్వాత రెజిన్ పూసి నీలి లైటు పెట్టారు, అది క్షణాల్లో గట్టిపడింది. రంగు కాగితం కొరికించి, ఎత్తుగా తగిలిన చోట కాస్త అరగదీశారు. అయినా రెండు మూడు రోజులు పళ్లు కలిసినప్పుడల్లా ఏదో అడ్డున్నట్టే ఉండేది.

ఇన్నేళ్లలో ఒకసారి అంచు విరిగింది. నొప్పి గానీ జివ్వుమనడం గానీ లేదు, మామూలు చెకప్‌లో బయటపడింది. సీలెంట్‌తో నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే, ఊడినా చెప్పదు. ఆ సందులోంచి చక్కెర లోపలికి పోతే పుచ్చు మళ్లీ కదులుతుంది. అందుకే ఆరు నెలలకోసారి చూపించుకునే ఓపిక లేనివాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను. నాది తెల్లటి రకం కావడం కలిసొచ్చింది. పారదర్శకంగా ఉండే రకమైతే అంచు ఎక్కడ పోయిందో కనిపెట్టడం కష్టం. విరిగిన చోట మళ్లీ పూయడం చిన్న పనే.

ఇది కాపాడేది నమిలే పైభాగాన్ని మాత్రమే. పళ్ల మధ్య సందులకు ఫ్లాస్ చేయాల్సిందే. గుంట పడిపోయిన పంటికైతే ఫిల్లింగే.

మొన్నటి ఎక్స్‌రేను పాతదాని పక్కన పెట్టి చూశారు. మచ్చ పెరగలేదు. ఫిల్లింగ్ మాట ఇప్పటికి లేదు.